కర్చీఫ్ వేసుకున్న సీటు: కోడి పేగులో సాల్మొనెల్లాల పోటీ

1988 డిసెంబర్ 3న బ్రిటన్ ఆరోగ్యశాఖ సహాయమంత్రి ఎడ్వినా కరీ టీవీలో ఒక మాట అన్నారు. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో చాలా భాగానికి సాల్మొనెల్లా అనే క్రిమి సోకిందని. ఆ వెంటనే గుడ్ల అమ్మకాలు పడిపోయాయి. రైతులు మండిపడ్డారు. డిసెంబర్ 16న ఆవిడ రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆ తర్వాతి ఏడాది నుంచి ప్రభుత్వం సాల్మొనెల్లా తేలిన లేయర్ (గుడ్లు పెట్టే కోళ్ల) మందలను చంపించడం మొదలుపెట్టింది.

ఆవిడ మాటలో అతి ఉన్నమాట నిజమే. కానీ గుడ్డులో క్రిమి ఉండటం కూడా నిజమే. ఆ సాల్మొనెల్లా రకం పేరు ఎంటరైటిడిస్. అప్పటిదాకా అందరి భయమూ పెంకు మీద అంటిన రెట్ట గురించే. పగలని, శుభ్రమైన గుడ్డుతో ఇబ్బంది లేదనుకునేవారు. ఈ క్రిమి కోడి అండాశయంలోకి దూరి, గుడ్డు కడుపులో తయారయ్యేటప్పుడే లోపలికి చేరిపోతోంది. ఆ పెట్టను చూస్తే జబ్బున్నట్టే కనిపించదు. మేత తింటుంది, గుడ్డు పెడుతుంది. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో కూడా అదే కాలంలో, గ్రేడ్ ఏ ముద్ర పడ్డ గుడ్లు తిన్నవాళ్లకే వాంతులూ విరేచనాలూ పట్టుకుంటున్నాయని 1988లోనే పరిశోధకులు ప్రచురించారు.

సముద్రానికి అటూ ఇటూ ఒకేసారి ఎలా వచ్చింది ఇది? ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళితే ఇంకో క్రిమి దగ్గర తేలతాం.

దాని పేరు సాల్మొనెల్లా గాలినారం. 1889లో ఎడ్వర్డ్ క్లెయిన్ అనే శాస్త్రవేత్త ఇంగ్లండ్ కోళ్లలో దాన్ని గుర్తించాడు. పెద్ద కోళ్లకు వచ్చే టైఫాయిడ్‌కి కారణం అదే. దానికి దగ్గర చుట్టం పుల్లోరం. కోడిపిల్లలకు తెల్లగా పారుకుని, ముడ్డి దగ్గర అంటుకుపోయి చచ్చిపోయే జబ్బు దానిది. 1899లో అమెరికాలో లియో రెట్గర్ దాని ఆనవాలు పట్టాడు. ఈ రెండూ కోళ్ల క్రిములు. మనిషికి వీటివల్ల జబ్బు చేయడం చాలా అరుదు. రైతుకి మాత్రం కొంప ముంచేవి, ఎందుకంటే పుల్లోరం తల్లి నుంచి గుడ్డుకి, గుడ్డు నుంచి పిల్లకి, ఆ పిల్ల నుంచి హేచరీలో (మిషన్‌లో గుడ్లు పొదిగే చోట) పక్క పిల్లలకి పాకుతుంది.

విరుగుడుగా అమెరికాలో 1935లో జాతీయ పౌల్ట్రీ అభివృద్ధి పథకం మొదలైంది. కోడి రెక్క దగ్గర పొడిచి ఒక చుక్క రక్తం తీసి, రంగు వేసిన క్రిమి ద్రావణంలో కలుపుతారు. గడ్డలు గడ్డలుగా విరిగితే ఆ కోడి మందలోంచి అవుట్. బ్రిటన్‌లోనూ ఇదే పని జరిగింది. 1970ల నాటికి రెండు దేశాల్లోని వాణిజ్య ఫారాల్లో ఈ రెండు జబ్బులూ దాదాపు కనుమరుగయ్యాయి. పశువైద్య చరిత్రలో పెద్ద గెలుపు. అందులో అనుమానం లేదు.

మరి కొన్నేళ్లకే ఎంటరైటిడిస్ ఎందుకు పైకి లేచింది?

2000లో ఆండ్రియాస్ బాయిమ్లర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక వాదన తెచ్చారు. గాలినారం, పుల్లోరం, ఎంటరైటిడిస్ ఈ మూడింటి పైపొరమీదా ఓ9 అనే ఒకే గుర్తు ఉంటుంది. కోడి ఒంట్లోని రక్షణ దళం ఆ గుర్తునే చూసి పట్టుకుంటుంది. గాలినారం ఊరూరా తిరిగిన రోజుల్లో మందల్లో చాలా కోళ్లకు ఓ9 మీద నిరోధకత ఉండేది. ఎంటరైటిడిస్ వచ్చినా కాలు మోపే చోటు దొరికేది కాదు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు ఆపుకున్నట్టు, గాలినారం తన సీటుతో పాటు పక్క సీటు కూడా ఆపి ఉంచింది. మనం గాలినారాన్ని బస్సు దింపేశాం, కర్చీఫ్ కూడా తీసేశాం. ఎంటరైటిడిస్ వచ్చి కూర్చుంది.

అసలు ఎక్కడి నుంచి వచ్చింది? ఎలుకల నుంచి, అంటారు ఆ పరిశోధకులు. ఇక్కడే కథలో నాకు బాగా నచ్చిన, నిజానికి నచ్చకూడని మలుపు ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యూరప్‌లో ఎలుకల్ని చంపడానికి ఎంటరైటిడిస్ రకం క్రిముల్నే ఎరగా అమ్మారు. పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన డానిజ్ పేరు మీద ఒక రకం, లివర్‌పూల్ పేరు మీద ఒక రకం ఉండేవి. మనుషులకు జబ్బు చేయడంతో చాలా దేశాలు వీటికి దూరం జరిగాయి. ఇప్పటికీ లేయర్ షెడ్డులో ఎలుకలు, చుంచులు తిరిగితే వాటి రెట్టలో ఈ క్రిమి దొరకడం మామూలే.

ఖాళీ సీటు వాదన అందంగా ఉంది కాబట్టి అదే పూర్తి నిజం అనుకోకూడదు. 2021లో వేల క్రిముల జన్యువులు పోల్చి చూసిన ఒక అధ్యయనం ఇంకో దారి చూపింది. ప్రపంచమంతా పిల్లల్ని పుట్టించడానికి వాడే బ్రీడర్ కోళ్లు గుప్పెడు కంపెనీల నుంచే వస్తాయి. ఆ వ్యాపారంతో పాటే ఎంటరైటిడిస్ దేశదేశాలకూ ప్రయాణం చేసిందని ఆ లెక్క. రెండూ ఒకదానికొకటి అడ్డం కాదనే నాకనిపిస్తుంది. బస్సులో సీటు ఖాళీగా ఉండాలి, టికెట్ కొని ఎక్కేవాడూ ఉండాలి. మన దగ్గర కోళ్ల టైఫాయిడ్ ఎక్కడికీ పోలేదు, ఎంటరైటిడిస్ కూడా కనిపిస్తూనే ఉంది. కాబట్టి ఒకటి ఉంటే రెండోది అసలే రాదు అని కూడా అనలేం.

ఇదంతా కోడి ఒంట్లో రక్షణ దళం నడిపే పోటీ. పేగులో సూటిగా జరిగే కొట్లాట ఇంకొకటి ఉంది, అది ఫిన్లండ్‌లో బయటపడింది.

1971లో అక్కడి బ్రాయిలర్లలో సాల్మొనెల్లా ఇన్‌ఫాంటిస్ అనే రకం చెలరేగింది. ఎస్కో నుర్మి, ఎం. రంటాలా అనే ఇద్దరు పరిశోధకులు, కోడిపిల్లలకే ఎందుకింత సులువుగా అంటుతోందని ఆలోచించారు. ఇంట్లో పెట్టను పొదగేసినవాళ్లకి దీని జవాబు సగం తెలిసే ఉంటుంది. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్ల తల్లి వెంటే తిరుగుతూ, తల్లి గీరిన చోటల్లా పొడుస్తూ, తల్లి రెట్ట కూడా ఇంత మింగుతుంది. దాంతో తల్లి పేగులోని మంచి క్రిములన్నీ పిల్లకి వారసత్వంగా వచ్చేస్తాయి. హేచరీ పిల్లకి తల్లే లేదు. మిషన్‌లో పుట్టి, అట్టపెట్టెలో ప్రయాణించి, కడిగి ఆరబెట్టిన షెడ్డులో దిగుతుంది. పేగు ఖాళీ. ముందు ఎవరొస్తే వాళ్లదే ఇల్లు.

నుర్మి, రంటాలా పెద్ద కోడి పేగులోని పదార్థాన్ని తీసి ఒక్కరోజు పిల్లలకు పట్టించారు. ఆ తర్వాత సాల్మొనెల్లా ఇచ్చి చూస్తే చాలా పిల్లలకు అంటలేదు. 1973లో నేచర్ పత్రికలో వచ్చింది ఆ ఫలితం. వినడానికి రోతగా ఉన్నా ఆ పద్ధతి నిలబడింది. ఫిన్లండ్‌లో అది బ్రాయిలాక్ట్ పేరుతో సరుకై అమ్మకానికొచ్చింది. అమెరికాలో మాత్రం, రెట్టలోంచి తీసిన మిశ్రమంలో ఏమేం ఉన్నాయో లెక్క చెప్పమన్నారు. అక్కడ 29 రకాల క్రిముల్ని విడివిడిగా గుర్తించి కలిపిన ప్రీంప్ట్ అనే మందుకు 1998లో అనుమతి దొరికింది. హేచరీలో పిల్లల మీద స్ప్రే చేసేవారు, అవి ఈకలు సవరించుకుంటూ మింగేసేవి.

బ్రిటన్‌లోని హౌటన్ పౌల్ట్రీ పరిశోధనా కేంద్రంలో పాల్ బారో బృందం 1980ల చివర్లో ఇంకా విచిత్రం చూసింది. పిల్లకి ముందురోజు ఒక సాల్మొనెల్లా రకాన్ని పట్టిస్తే, మర్నాడు వచ్చిన ఇంకో సాల్మొనెల్లా రకం పేగులో స్థిరపడలేకపోయింది. ఒక్కరోజులో నిరోధకత రాదు. చచ్చిన క్రిములు ఇస్తే ఈ ఫలితం లేదు. అడ్డుకునేది కూడా సాల్మొనెల్లా అయితేనే బాగా పనిచేస్తుంది. అంటే ఒకే తిండికీ ఒకే చోటుకీ ఎగబడే అన్నదమ్ముల మధ్య కొట్లాట ఇది. ఈ రోజు కోడిపిల్లలకు నీళ్లలో కలిపి ఇచ్చే కొన్ని జీవ టీకాలు (బలం తగ్గించిన, బతికున్న క్రిములతో చేసినవి) మొదటి రోజు నుంచే కొంత కాపాడటం వెనక ఉన్న కిటుకు ఇదే.

ఈ పేగులోకి యాంటీబయాటిక్ ఎలా వచ్చిందో కూడా చెప్పాలి, అందులో మనవాడొకరున్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకు అధిపతిగా ఉన్నప్పుడే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను కనిపెట్టాడు. అది 1948లో లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు చనిపోయారు. ఆ తర్వాత అదే సంస్థలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని బీ12 విటమిన్ కోసం కోడిపిల్లలకు పెడితే, అవి అనుకున్నదానికంటే ఎక్కువ బరువు పెరిగాయి. 1950 నుంచి మేతలో యాంటీబయాటిక్ వాడకం ఊపందుకుంది. ఇలాంటి మందులు పేగులో ముందే కూర్చున్నవాళ్లను కూడా లేపేస్తాయి. మేతలో అవోపార్సిన్ అనే యాంటీబయాటిక్ కలిపితే కోళ్లలో సాల్మొనెల్లా తగ్గకపోగా పెరిగిందని 1970ల చివర్లోనే ప్రయోగాల్లో తేలింది. యూరప్ 2006 జనవరి 1 నుంచి బరువు కోసం యాంటీబయాటిక్ వాడకాన్ని పూర్తిగా ఆపేసింది. మన దేశం 2019లో పశువులకు, కోళ్లకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని నిషేధించింది.

బ్రిటన్ గుడ్ల కథ చివరికి టీకాతో ఒడ్డున పడింది. 1998లో మొదలైన లయన్ ముద్ర (సింహం బొమ్మ ఉన్న నాణ్యత ముద్ర) గుడ్లకు లేయర్లందరికీ టీకా తప్పనిసరి. ఇంకో సంగతి ఏంటంటే, 1956లో విలియమ్స్ స్మిత్ అనే పరిశోధకుడు గాలినారం నుంచే తయారుచేసిన 9ఆర్ అనే జీవ టీకా ఎంటరైటిడిస్‌ను కూడా అడ్డుకుంటుంది. పాత ప్రయాణికుడి కర్చీఫే మళ్లీ తెచ్చి సీటు మీద వేసినట్టన్నమాట. 2017 అక్టోబర్‌లో బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ, లయన్ గుడ్లను గర్భిణులు కూడా సగం ఉడికించి తినొచ్చని చెప్పింది.

ఇప్పుడు యూరప్ బ్రాయిలర్ షెడ్లలో అన్నిటికంటే ఎక్కువగా దొరుకుతున్న సాల్మొనెల్లా రకం ఇన్‌ఫాంటిస్. 1971లో ఫిన్లండ్‌ను కలవరపెట్టిన పేరే, కాకపోతే ఈసారి చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని గుణాన్ని వెంటేసుకుని వచ్చింది. దాని పైపొర మీద ఓ9 గుర్తు ఉండదు, ఓ7 ఉంటుంది. ఎంటరైటిడిస్ కోసం వేసిన టీకా దాన్ని సరిగ్గా గుర్తుపట్టదు.