కీలు బిగుసుకుందా? ముందు ఆ నూనె డబ్బా పక్కన పెట్టండి

ట్రాన్స్‌ఫార్మింగ్ రోబో బొమ్మలు, అంటే తిప్పి మడిస్తే కారుగానో విమానంగానో మారేవి, రిపేరు చేసేవాళ్లని జనం ఎక్కువగా అడిగేది ఒకటే: "కీలు బిగుసుకుపోయింది, ఏ నూనె కొట్టమంటారు?" అసలు కొట్టొచ్చా అని మాత్రం ఎవరూ అడగరు. కుట్టుమిషన్ నూనె మంచిదా, తుప్పు వదిలించే స్ప్రే మంచిదా, వంటనూనె సరిపోతుందా అని అడుగుతారు. కొందరైతే కొట్టేశాక, ముక్కల ఫొటో పంపి "పాత ప్లాస్టిక్ కదండీ, అందుకే విరిగింది" అని కారణం కూడా వాళ్లే చెప్పేస్తారు. అందుకని ముందు దీని సంగతి తేల్చి, ఆ తర్వాతే మిగతా వాటికి వెళ్తాను.

అపోహ: రెండు చుక్కల నూనె వేస్తే బిగుసుకున్న కీలు వదులవుతుంది

వదులవుతుంది, కాదనను. చిక్కంతా అక్కడే. వేసిన నిమిషానికే చెయ్యి హాయిగా తిరుగుతుంది, ఆ సంతోషంలో ఇంకో పదిమందికి ఈ చిట్కా చెబుతాం. పగులు వచ్చేది ఆ తర్వాత, ఒక్కోసారి వారాల తర్వాత. అప్పటికి నూనె సంగతే గుర్తుండదు.

ఏం జరుగుతుందో చూడండి. ఈ బొమ్మల్లో గట్టి భాగాలు ఎక్కువగా ఏబీఎస్ ప్లాస్టిక్. భుజం దగ్గరో మోకాలి దగ్గరో ఉండే స్టీలు పిన్నుని, దానికన్నా కాస్త చిన్న రంధ్రంలోకి బలంగా దిగ్గొడతారు. అది ఊడకుండా ఉండేది అందువల్లే. అంటే పిన్ను చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో తయారైన రోజు నుంచీ సాగదీసినట్టే ఉంటుంది. ఆ ఒత్తిడి ఒక్కటే అయితే ఏళ్ల తరబడి తట్టుకుంటుంది. నూనె ఒక్కటే తగిలినా చాలావరకు తట్టుకుంటుంది. రెండూ కలిస్తేనే ప్రమాదం. లాగి పట్టిన ప్లాస్టిక్‌లోకి నూనె దూరి, లోపలి అణువుల గొలుసుల మధ్య పట్టు సడలిస్తుంది. సన్నని పగుళ్లు పుట్టి, పెరిగి, ఒకరోజు మామూలుగా తిప్పుతుండగా టక్కున విడిపోతుంది. ఇంజనీర్లు దీన్ని స్ట్రెస్ క్రాకింగ్ అంటారు. ఇది బొమ్మలకే పరిమితమైన సంగతి కాదు. ఫ్రిజ్ లోపలి గోడలకు వాడే ప్లాస్టిక్‌ని నూనె, కొవ్వు తగిలితే పగులుతుందా అని ప్రత్యేకంగా పరీక్షించేది కూడా దీనికోసమే.

పారదర్శకంగా ఉండే భాగాల సంగతి ఇంకా ఘోరం. కారు అద్దాలు, విమానం కాక్‌పిట్, ఛాతీ కిటికీలు సాధారణంగా పాలికార్బొనేట్ లేదా పాలిస్టైరీన్ రకాలు. వీటికి పెట్రోలియం స్ప్రేలు అస్సలు పడవు. శుభ్రం చేద్దామని స్పిరిట్ రుద్దినా ఒత్తిడి ఉన్నచోట సాలెగూడు లాంటి పగుళ్లు రావచ్చు. కొత్త బొమ్మల డిజైనర్లు తరచూ ఈ అద్దం ప్లాస్టిక్‌లోనే కీలు కూడా పెడతారు. కారు పైకప్పు, అద్దాలు ఒకే ముక్కగా పోసి, పైన రంగు వేస్తారు. బయటికి ఎరుపో నీలమో కనిపిస్తుంది, లోపల మాత్రం గాజులాంటి ప్లాస్టిక్. ఆ డిజైన్ చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. స్క్రూలు వదులవకుండా పోసే త్రెడ్‌లాకర్ ద్రవాలదీ ఇదే కథ. అవి లోహానికి లోహం పట్టడానికి చేసినవి. స్క్రూ దిగే ప్లాస్టిక్ స్తంభంలో పోస్తే ఆ స్తంభమే చీలుతుంది.

ఈ ఆలస్యం వల్ల బొమ్మే కాదు, మనుషులూ దెబ్బతింటారు. ఒకావిడ తన తమ్ముడి విమానం రోబోని పంపించారు. ఆయన ఊళ్లో లేనప్పుడు దుమ్ము తుడుస్తుంటే రెక్క ఊడి చేతిలోకి వచ్చిందట. ఇంట్లో అందరూ ఆవిడనే అన్నారు, ఆవిడా తనదే తప్పనుకున్నారు. "ఎంతైనా ఫర్వాలేదు, వాడొచ్చేలోపు బాగుచేసివ్వండి" అని ఒకటే టెన్షన్. విరిగిన ముక్కని భూతద్దం కింద పెట్టాను. పగులు పిన్ను దగ్గర మొదలై చాలా దూరం నున్నగా, మెరుస్తూ పాకింది. కొత్తగా విరిగిన భాగం చివర కొంచెమే, అదీ గరుకుగా, తెల్లగా. పిన్ను బయటికి తీస్తే దాని నిండా నూనె. ఆవిడ తుడిచేనాటికే ఆ రెక్క ముప్పాతిక వంతు విరిగిపోయి ఉంది. తమ్ముడికి ఫోన్ చేసి అడిగితే, బిగుతుగా ఉందని తానే ఎప్పుడో నూనె వేశానన్నాడు. రిపేరు చేసిచ్చాను గానీ, ఆవిడకి ఎక్కువ ఊరటనిచ్చింది ఆ భూతద్దం ఫొటోనే.

మరి బిగుసుకున్న కీలుని ఏం చెయ్యాలి? ముందు అది నిజంగా బిగుసుకుందో లేదో చూడండి. చాలాసార్లు అది కీలు గొడవే కాదు. ఎక్కడో ఒక చిన్న పెగ్, అంటే గాడిలో దిగి భాగాన్ని పట్టి ఉంచే మేకులాంటి ముక్క, ఇంకా బయటికి రాలేదు, లేదా ముందు చెయ్యాల్సిన మెట్టు ఒకటి వదిలేశాం. బొమ్మతో వచ్చిన కాగితం తీసి మొదటి నుంచి చూసుకోండి. నిజంగానే బిగుతైతే కారణాలు కొన్నే: కీలు లోపల రంగు పేరుకోవడం, తేమకి స్టీలు పిన్ను తుప్పుపట్టి ఉబ్బడం, పెగ్ రంధ్రం కన్నా లావుగా రావడం. హెయిర్ డ్రైయర్‌ని తక్కువ వేడి మీద పెట్టి, చెయ్యి పెడితే వెచ్చగా అనిపించేదాకా కాచి, కొంచెం కొంచెంగా అటూ ఇటూ కదపండి. కీలు దగ్గర తెల్లటి మచ్చ కనిపిస్తే అక్కడితో ఆపేయండి, ప్లాస్టిక్ సాగడం మొదలైందని దానర్థం. స్క్రూలతో విడదీయగలిగితే విప్పి, అదనపు రంగుని సన్నని ఉప్పు కాగితంతో తీసేయండి. పిన్ను తీయాల్సివస్తే గీతలున్న చివర ఎటుందో చూసి, నున్నటి చివర నుంచి కొట్టండి. తిరగేసి కొడితే ఆ గీతలు రంధ్రం పొడుగునా కోసుకుంటూ పోతాయి.

ఇంత చేశాక కూడా జారుడు కావాలంటే, పెట్రోలియం కలవని స్వచ్ఛమైన సిలికాన్ గ్రీజు, అగ్గిపుల్ల మొనకి అంటినంత. స్ప్రే డబ్బా వద్దు. సిలికాన్ అని పైన రాసున్నా, లోపల దాన్ని మోసుకొచ్చే ద్రావకం ఏమిటో చూడాలి. గ్రీజు పూసిన చోట తర్వాత రంగూ జిగురూ పట్టవు కాబట్టి ఆ పనులేమన్నా ఉంటే ముందే ముగించుకోండి.

ఇప్పటికే నూనె వేసేసినవాళ్లు భయపడిపోకండి, నూనె వేసిన ప్రతి బొమ్మా పగలదు. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కొద్దిగా కలిపి, మెత్తని బ్రష్‌తో కీలు చుట్టూ కడగండి. స్టిక్కర్లకి తడి తగలనివ్వకండి. బాగా ఆరబెట్టి, ఆ కీలు మీద బరువు పడని భంగిమలో ఉంచండి. టార్చి పక్కనుంచి వేసి పిన్ను చుట్టూ వెంట్రుకంత గీతలున్నాయేమో అప్పుడప్పుడూ చూడండి. గీత కనబడితే ఇక తిప్పొద్దు.

అపోహ: బంగారు రంగు బొమ్మలన్నీ ఎప్పటికైనా పొడిపొడి అవుతాయి

ఇది సగం నిజం, కానీ ఈ సగం నిజానికి భయపడి మంచి బొమ్మల్ని అయినకాడికి అమ్ముకున్నవాళ్లని చూశాను. గోల్డ్ ప్లాస్టిక్ సిండ్రోమ్ అనేది నిజమే. 1980ల చివర, 1990లలో వచ్చిన కొన్ని బొమ్మల్లో ప్లాస్టిక్‌లోనే లోహపు రజను కలిపి పోశారు. ఆ ప్లాస్టిక్ కాలం గడిచేకొద్దీ బిస్కట్‌లా పెళుసై, కదిపితే చాలు రాలిపోతుంది. 1980ల చివర జపాన్‌లో వచ్చిన బ్లాక్ జారక్ అనే రోబో దీనికి అందరూ చెప్పే ఉదాహరణ. దీనికి మందు లేదు. అతికించినా అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది.

అయితే జబ్బు ఉన్నది ఆ మిశ్రమంలో, రంగులో కాదు. పైన బంగారు రంగు పూసిన బొమ్మకి, బంగారు క్రోమ్ ఉన్న బొమ్మకి ఈ జబ్బు లేదు. అలాగే రజను కలిపిన వేరే రంగులకి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. కనిపెట్టడం తేలికే. స్క్రూ రంధ్రం లోపలో, బయటికి కనబడని అంచులోనో టార్చి వేసి చూడండి. లోపల వేరే రంగు ప్లాస్టిక్ ఉంటే పైది రంగే. లోపలంతా అదే మెరుపు, పాలరాతిలో ఉన్నట్టు సుడులు తిరిగిన చారలు ఉంటే అనుమానించాలి. అలాంటిదైతే మీకు నచ్చిన రూపంలో నిలబెట్టి వదిలేయండి. "అప్పుడప్పుడూ తిప్పుతుంటే కీళ్లు బాగుంటాయి" అనే సలహా దీనికి పనికిరాదు. తిప్పితే పోతుంది, అంతే. విరిగిన భాగానికి బదులు రెసిన్‌తోనో 3డి ప్రింట్‌తోనో కొత్తది చేయించుకోవచ్చు.

విరిగింది ఇలాంటి బొమ్మ అయితే, నేను మోటుగా పట్టుకున్నానేమో అని బాధపడకండి. డబ్బా సీలు విప్పనివీ ఇలాగే విరుగుతున్నాయి.

అపోహ: సూపర్ గ్లూ ఉంటే అన్నీ అతుకుతాయి

ఏబీఎస్‌ని అతికిస్తుంది. కానీ బరువు మోసే కీలు దగ్గర ఆ అతుకు నిలవదు. అక్కడ సన్నని రంధ్రం చేసి, లోపల ఇత్తడి తీగ పెట్టి అతికించాలి. ఇక కొన్ని చిన్న కీళ్లు, పెగ్గులు పీవోఎం అనే జారుడు ప్లాస్టిక్‌తో చేస్తారు. ముట్టుకుంటే మైనం లాగా నున్నగా ఉంటుంది. దానికి మామూలు జిగురు ఏదీ సరిగ్గా పట్టదు. పైగా సూపర్ గ్లూ ఆవిరికి పక్కనున్న అద్దాలు, నల్ల ప్లాస్టిక్ మీద తెల్లటి పొగలాంటి పొర పడుతుంది.

వదులైన బాల్ జాయింట్ గుండు మీద జిగురు పూసి లావు చేసే చిట్కా ఉంది కదా, అది పనిచేస్తుంది. గుండుని బయటికి తీసి, పలుచగా పూసి, పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టాలి. లోపల ఉండగానే పోసి "ఆరేదాకా కదుపుతుంటాను" అంటే, అదొక జూదం. ఆ పనికి నేను వాడేది నీటిలో కలిసే యాక్రిలిక్ పూత. ఎక్కువైతే గీకేయొచ్చు.

అపోహ: పసుపుబారిన తెల్ల ప్లాస్టిక్‌ని పెరాక్సైడ్‌తో కొత్తదానిలా చేయొచ్చు

రంగు వరకే. 1985 నాటి జెట్‌ఫైర్ లాంటి తెల్ల బొమ్మలు పసుపుబారడం అందరికీ తెలిసిందే. హైడ్రోజన్ పెరాక్సైడ్, అతినీలలోహిత వెలుతురు కలిసి ఆ పసుపుని పోగొడతాయి. చాలాసార్లు మళ్లీ వస్తుంది కూడా. కానీ వెలుతురుకి ప్లాస్టిక్ పోగొట్టుకున్న బలం తిరిగి రాదు. తెల్లగా మెరుస్తోంది కదా అని కొని, ఇంటికొచ్చాక తిప్పి విరగ్గొట్టుకున్నవాళ్లు ఉన్నారు. మరీ తెల్లగా ఉన్న పాత బొమ్మ అమ్మకానికి కనబడితే, ఏమన్నా చేశారా అని అడగండి. ఎగుడుదిగుడు మచ్చలు, వెలిసిన స్టిక్కర్లు ఉంటే అడగక్కర్లేదు. ఇంట్లో చేసుకునేవాళ్లు గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. బ్లీచింగ్ ద్రవం అయితే అసలు వద్దు.

మిగతావి గబగబా.

క్రోమ్ భాగాల మీద ఉన్నది మందపాటి లోహపు పూత కాదు. శూన్యంలో ఆవిరి చేసి పట్టించిన అల్యూమినియం పొర, దాని మీద వార్నిష్ లాంటి పూత. రుద్దితే పోతుంది, పోతే ఇంట్లో తిరిగి తేలేం. పొడి మెత్తని బ్రష్ చాలు.

డైకాస్ట్ (అచ్చులో పోసిన) లోహం ఉంటే గట్టిదని నమ్మకం. లోహం విరగకపోవచ్చు గానీ, దాని బరువంతా మోసేది పక్కనున్న ప్లాస్టిక్ కీలే. బరువైన బొమ్మ కాళ్లు ముందు వదులవుతాయి.

సీలు విప్పని డబ్బాలో అంతా క్షేమం అనుకుంటారు. మెత్తని పీవీసీ టైర్లలోంచి, పిడికిళ్లలోంచి ఊరే ప్లాస్టిసైజర్‌కి, అంటే వాటిని మెత్తగా ఉంచడానికి కలిపే ద్రవానికి, సీలుతో పనేముంది? ఏళ్ల తరబడి ఆనుకుని ఉన్న గట్టి ప్లాస్టిక్‌ని అది కరిగిస్తుంది. కొనేముందు కిటికీలోంచి టైర్లు చక్రాలకి తగిలే అంచు చూడండి. జిగటగా మెరుస్తుంటే బేరం ఆలోచించుకోవాలి.

చివరిగా స్క్రూలు. విప్పినది తిరిగి బిగించేటప్పుడు ముందు ఒక చుట్టు వెనక్కి తిప్పండి. టిక్కుమని పాత గాడిలో పడుతుంది, అప్పుడు ముందుకి తిప్పండి. తల ఆనగానే ఆపేయండి. ఇంకొంచెం బిగిద్దామనిపించినప్పుడే స్తంభాలు చీలేది.