బర్రెకు అన్నం బలమా? అపోహలు, వాస్తవాలు

ముక్కనుమ రోజు నాకు సెలవుండదు. పొద్దున ఐదున్నరకే ఫోను మోగుతుంది. గొంతు ఎవరిదైనా మాట మాత్రం ఏటా ఒకటే. "సార్, బర్రె రాత్రి నించి మేత ముట్టలేదు, నెమరెయ్యలేదు, ఎవరి దిష్టో తగిలినట్టుంది." ఏం పెట్టారని అడుగుతాను. "ఏం పెట్టలేదు సార్, ఎప్పుడూ పెట్టేదే." మళ్లీ అడుగుతాను. "పండగ గదా, కొంచెం పొంగలి." మూడోసారి గట్టిగా అడిగితే ఆ కొంచెం ఒక గంపని తేలుతుంది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో 17 ఏళ్లుగా పశువుల డాక్టరుగా తిరుగుతున్నాను. కోవూరు వైపు వరి ఊళ్లూ తెలుసు, ఉదయగిరి, కనిగిరి వైపు మెట్ట ఊళ్లూ తెలుసు. గాలికుంటంటే జనానికి భయముంది, గొంతువాపంటే భయముంది, టీకాలేయించుకుంటారు. ప్రేమగా పెట్టే అన్నమంటే ఎవరికీ భయం లేదు. అందుకే మిగతా అపోహల సంగతి తర్వాత. ముందు దీని సంగతి తేల్చాలి.

అపోహ: అన్నం బలం. మనిషికి మంచిదైంది గొడ్డుకూ మంచిదే.

వాస్తవం: అలవాటు లేని పశువుకు ఒక్కసారిగా గంపెడన్నం పెడితే ఒకటిన్నర రోజులో చచ్చిపోవచ్చు.

ఎందుకో చెప్తాను. బర్రె ఎడమ డొక్క నిండా ఉండేది పెద్ద పొట్ట, మేం రుమెన్ అంటాం. పెద్ద పశువులో అది 100 లీటర్లకు పైగానే పడుతుంది. దాని గోడల్లోంచి మన కడుపులో మాదిరి జీర్ణరసాలేవీ ఊరవు. అక్కడ పని చేసేవి సూక్ష్మజీవులు. ఒక్క మిల్లీలీటరు రసంలో వెయ్యి కోట్ల దాకా బ్యాక్టీరియా ఉంటాయి, వాటితో పాటు లక్షల్లో ప్రోటోజోవా. వరిగడ్డిలో పీచు మనకెట్లా అరగదో బర్రెకూ అట్లాగే అరగదు. దాన్ని పులియబెట్టి అరిగించేది ఈ జీవులే. అవి వదిలే ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు పొట్ట గోడలోంచి రక్తంలో కలుస్తాయి. పశువుకు కావాల్సిన శక్తిలో సుమారు 70 శాతం అక్కడి నుంచే వస్తుంది. ఆ తర్వాత ఆ జీవులే కిందికి జారి, అరిగి, పశువుకు మాంసకృత్తులవుతాయి. అంటే మీరు తొట్టిలో వేసే మేత ముందు వాటికి, తర్వాతే బర్రెకు.

ఆ జీవులు బతకాలంటే పొట్టలో పులుపు మితంగా ఉండాలి. దాన్ని అదుపులో పెట్టేది లాలాజలం. పెద్ద పశువుకు రోజుకు 100 లీటర్ల పైనే ఊరుతుంది, అందులో సోడా ఉంటుంది, మన వంటసోడా లాంటిదే. గడ్డి తిన్న పశువు రోజుకు ఆరేడు గంటలు నెమరేస్తుంది, నమిలినంతసేపూ ఆ సోడా నీళ్లు పొట్టలోకి దిగుతూనే ఉంటాయి. మరి అన్నంలో నమలడానికేముంది? రెండు గుటకల్లో లోపలికి పోతుంది. నెమరు లేదు, సోడా లేదు.

ఇడ్లీ పిండి రుబ్బి రాత్రి మూతపెట్టి ఉంచితే తెల్లారేసరికి ఏమవుతుందో ఇంట్లో ఆడవాళ్లను అడగండి. పొంగి మూత లేపుతుంది, పులిసిపోతుంది. బర్రె పొట్ట 39 డిగ్రీల వెచ్చదనంలో ఉండే గిన్నె. మీరు వేసింది ఉడికి మెత్తబడిన అన్నం, పచ్చి గింజకంటే తొందరగా పులుస్తుంది. పిండిపదార్థం దొరగ్గానే లాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియా విరగబడి పెరుగుతాయి. ఆ పులుపుకు పీచు అరిగించే జీవులన్నీ చస్తాయి. పొట్ట కదలిక ఆగిపోతుంది. లోపల చిక్కబడిన ఆమ్లం ఒంట్లో నీళ్లను పొట్టలోకి లాగేస్తుంది, అందుకే డొక్క మీద గుద్దితే లోపల కుండలో నీళ్లు కదిలినట్టు చప్పుడవుతుంది, పైన చూస్తే కళ్లు గుంటలు పడి ఉంటాయి. ఆమ్లం రక్తంలో కలిశాక పశువు తాగినోడిలా తూలుతుంది, పళ్లు కొరుకుతుంది, పులిసిన వాసనతో పల్చగా పారుకుంటుంది. చివరికి మెడ పక్కకు తిప్పుకుని పడిపోతుంది.

ఈ చివరి భంగిమ చూసి చాలామంది పాలజ్వరమనుకుంటారు, అది ఈనిన పశువుకు ఒంట్లో కాల్షియం తగ్గి వచ్చే జబ్బు. ఊళ్లో సూది వేసేవాడొకడు వచ్చి కాల్షియం ఎక్కించి పోతాడు. అసలు జబ్బు అట్లాగే ఉంటుంది, ఇంకో పూట పోతుంది.

కలిగిరి వైపు ఒక ఊళ్లో, నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, కూతురి పెళ్లి చేసిన ఒక పెద్దమ్మ మిగిలిన అన్నం పారేయడానికి మనసొప్పక రెండు బర్రెలకూ పోసింది. నేను పోయేసరికి మర్నాడు సాయంత్రం. పెద్ద బర్రె పడిపోయి ఉంది, ఒళ్లు చల్లబడింది. రెండోది దిగులుగా నిలబడి ఉంది గానీ నిలబడి ఉంది. ఎందుకంటే పెద్దది దాన్ని కొమ్ముతో తరిమి గంప దగ్గరికి రానివ్వలేదట. తిండి దొరకనిది బతికింది. రాత్రి పదకొండింటి దాకా సెలైన్లు పెట్టాను, పెద్దది దక్కలేదు. ఆ పెద్దమ్మ ఏడవలేదు. "నా చేత్తో నేనే పెట్టాను గదా నాయనా" అని ఒకటే మాట పదేపదే. అప్పట్లో నాకు ఏం చెప్పాలో తెలీలేదు. ఇప్పుడైతే, మీ తప్పు కాదమ్మా, ఎవరూ చెప్పకపోతే ఎట్లా తెలుస్తుంది అంటాను.

పెళ్లిళ్లూ పండగలే కాదు. గుళ్లో అన్నదానం మిగిలింది గొడ్లకు పోసేవాళ్లున్నారు. కోతల కాలంలో పలుపు తెంచుకుని కళ్లంలో వడ్లరాశి మీద పడే ఆవులున్నాయి. కోసిన మళ్లలో రాలిన వడ్లు ఏరుకుతిని పడిపోయే గొర్రెలున్నాయి. జబ్బు అన్నిటికీ ఒకటే.

అయితే మనోళ్లు చేసే అసలు నష్టం ఆ తర్వాత మొదలవుతుంది. మేత ముట్టడం లేదు, నీరసంగా ఉంది కాబట్టి బలానికని గంజి పోస్తారు. పులిసిపోతున్న పొట్టకు మళ్లీ పిండే. చలవ చేస్తుందని పుల్ల మజ్జిగ పోస్తారు. పులుపు మీద పులుపు. అదీ వినకపోతే వాతలు పెడతారు. ఇదంతా అయ్యాక డాక్టరు గుర్తొస్తాడు.

ఎక్కువ తిన్నదని తెలిసిన నిమిషంలోనే ఫోన్ చేయండి. జబ్బు లక్షణాల కోసం చూడొద్దు, లక్షణాలు కనబడేసరికి సగం పని అయిపోయి ఉంటుంది. 1962కు చేసినా సంచార వైద్యం బండి వస్తుంది. ఈలోగా మిగిలిన అన్నం అవతల పెట్టండి. మొదటి కొన్ని గంటలు నీళ్ల తొట్టి దగ్గర వదిలేయకండి. నిలబడగలిగితే మెల్లగా అటూ ఇటూ నడిపించండి, ఎండు వరిగడ్డి ముందు వేయండి. వంటసోడా ఈ జబ్బుకు మందే, కానీ ఎంత, ఎట్లా అన్నది డాక్టరు పశువు బరువు చూసి చెప్పాలి. అది పొట్టలోకి పోవాల్సింది ట్యూబు ద్వారా. బాగా ముదిరితే డొక్క కోసి అన్నం బయటికి తోడేయాల్సి వస్తుంది. అట్లా తోడిన రోజులున్నాయి. ఆ వాసన రెండ్రోజులు చేతులకు పోదు.

మరి అసలు అన్నమే పెట్టకూడదా అంటే, కనుమనాడు విస్తరాకులో పిడికెడు పొంగలి పెట్టి దణ్ణం పెట్టుకోండి, దానికేమీ కాదు. రోజూ పోసే కుడితికి, తవుడుకు, గానుగ చెక్కకు పొట్టలో జీవులు అలవాటు పడి ఉంటాయి. కొత్త దాణా ఏదైనా రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలి. ఒక్క రోజులో మార్చారంటే లోపలున్నవాటికి అర్థం కాదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: నెమరేసే జంతువుకు నాలుగు కడుపులు. వాస్తవం: కడుపు ఒకటే, అరలు నాలుగు. నాలుగో అర ఒక్కటే మన కడుపులాంటిది. దీనివల్ల ఎవరికీ నష్టం లేదు, వదిలేయండి.

అపోహ: ఉబ్బరమొస్తే నోట్లో నూనె పోయాలి. ఇది సగం నిజం. పచ్చి పిల్లిపెసర లాంటివి మేసి నురగ ఉబ్బరమొస్తే నూనె ఆ నురగను విరుస్తుంది. కానీ మనోళ్లు పోసే పద్ధతి ఉందే, నాలుక బయటికి లాగి, మూతి ఆకాశానికెత్తి, వెదురు గొట్టంతో గడగడా పోయడం! అట్లా పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉబ్బరం తగ్గి నాలుగు రోజులకు దగ్గుతో చచ్చిన పశువుల్ని నేను చూశాను. ఎడమ డొక్క డప్పులా బిగిసి, ఊపిరాడక నాలుక బయటపెట్టిందంటే నూనె వెతుక్కోకండి, డాక్టర్ని పిలవండి.

అపోహ: జొన్నచేలో మేసి పడిపోతే పాము కరిచినట్టు. చాలాసార్లు అది నాము. వానలేక వాడిన లేత జొన్నలో, కోసిన తర్వాత వచ్చే పిలకల్లో సైనైడ్ పుట్టించే పదార్థముంటుంది, పెద్ద పొట్టలో జీవులు దాన్ని ఇట్టే విడగొడతాయి. నిమిషాల్లో పోతుంది. విరుగుడు సూది ఉంది, అందేలోపు పశువుండాలి గదా. పూత రాని జొన్నలోకి తోలకండి. మెట్ట ఊళ్లలో ముసలోళ్లకు ఇదంతా తెలుసు, టౌన్ నుంచి వచ్చి డెయిరీ పెట్టిన కుర్రోళ్లకే తెలీదు.

అపోహ: తొలకరి వానలకు గొర్రెలు రాత్రికి రాత్రే చచ్చాయంటే చేతబడి. అయ్యా, అది చాలావరకు చిటుక రోగం. కొత్త పచ్చిక ఆత్రంగా మేసినప్పుడు పేగుల్లో ఒక బ్యాక్టీరియా పెరిగి విషం వదులుతుంది. మన నెల్లూరు గొర్రెల రకాల్లో జోడిపి అయినా, పల్ల అయినా, దొర అయినా తేడా లేదు. వానలకు ముందే టీకా వేయించండి. మంత్రగాడికి ఇచ్చే కోడి ఖర్చంత కూడా కాదు.

ఇక ఒకటుంది, దీన్ని అపోహని నేనే అనుకున్నాను. నెమరు పోయిన గొడ్డుకు పక్క గొడ్డు నోట్లోంచి నెమరు ముద్ద తీసి పెడితే నెమరు తిరిగొస్తుందని ఊళ్లలో అంటారు. పొదిలి దగ్గర ఒక తాత నా ముందే ఆ పని చేయబోతుంటే నవ్వాను. పక్కనున్న కుర్రాళ్లూ నవ్వారు. ఆయన ఏమీ అనలేదు, చెయ్యి కడుక్కుని పక్కన కూర్చున్నాడు. ఆ రాత్రి గదికొచ్చి పడుకున్నాక గుర్తొచ్చింది, ఇదే ప్రశ్నకు నేను కాలేజీలో పరీక్ష రాశాను! ఆరోగ్యంగా ఉన్న పశువు రుమెన్ రసం తీసి జబ్బు పశువుకు ట్యూబుతో ఎక్కిస్తే, చచ్చిన జీవుల చోట కొత్తవి పెరుగుతాయి. పుస్తకంలో ఇంగ్లీషు పేరుతో ఉన్నప్పుడు సైన్సు, తాత చేతిలో ఉన్నప్పుడు మూఢనమ్మకం. ఒక్క ముద్దలో జీవులు సరిపోవు, రసం లీటర్లలో కావాలి, అది నిజమే. కానీ ఆయన దారి సరైందే. మళ్లీ అటు పోయినప్పుడు ఆ మాట చెప్దామని అడిగితే, తాత లేడన్నారు. ఇప్పుడు అన్నం తిని కోలుకున్న బర్రెలకు వీలైనప్పుడల్లా మంచి పశువు రసం ఎక్కిస్తున్నాను.

ఇంకొక్క మాట, ఇది నా స్వార్థం కోసమే అనుకోండి. ఫోన్ చేసినప్పుడు ఏం తిన్నదో దాచకండి. అత్త తిడుతుందని కోడలు చెప్పదు, మొగుడు తిడతాడని పెళ్లాం చెప్పదు, డాక్టరు తిడతాడని ఎవరూ చెప్పరు. నిజం బయటికి రావడానికి అరగంట, ఒక్కోసారి ఒక పూట. నేను అరుస్తాననే పేరు కూడా ఉంది, కాదనను. మునుపు అరిచేవాణ్ణి.

మొన్న కనుమ రాత్రి ఎనిమిదింటికి ఒక పిల్లోడు ఫోన్ చేశాడు. ఎనిమిదో తరగతో, తొమ్మిదో ఉంటుంది. "సార్, తిట్టబాకండి. మా బర్రె తాడు తెంపుకుని పొంగలి గంగాళంలో తల పెట్టింది. సగం తినేసింది. బానే ఉంది గానీ మా అమ్మ భయపడతా ఉంది." ఎంతసేపయిందంటే, ఇప్పుడేనన్నాడు. బండి తీసి పోయాను. ట్యూబు వేశాను, సోడా ఎక్కించాను, రాత్రంతా నీళ్ల దగ్గరికి పోనివ్వకుండా కాపలా వాడికే అప్పజెప్పాను. ముక్కనుమ పొద్దున ఐదున్నరకు మామూలుగానే ఫోను మోగింది. వాడే. వీడియో పంపించాడట చూడమన్నాడు. చీకట్లో సరిగ్గా ఏమీ కనబడలేదు, బర్రె నెమరేస్తున్న చప్పుడు మాత్రం వినబడుతోంది.