జీరో డౌన్ పేమెంట్ ఇల్లు: అపోహలు - వాస్తవాలు

హోమ్ లోన్ ఫైళ్లతోనే నా రోజు గడుస్తుంది. ఫోన్ చేసేవాళ్లు ముందు అడిగేది వడ్డీ ఎంతని కాదు, "చేతి నుంచి పైసా పెట్టకుండా అయిపోతుందా సార్?" అని. ఎక్కడో హోర్డింగ్ చూసుంటారు, లేదా బావమరిది స్నేహితుడికి అలాగే అయిందని విని ఉంటారు. అయిందన్న మాట అబద్ధం కాకపోవచ్చు. ఆ డబ్బు ఏ పేరుతో కట్టాల్సి వచ్చిందో మాత్రం ఆయన చెప్పి ఉండడు.

అపోహ: జీతం బాగుంటే బ్యాంకు 100 శాతం లోన్ ఇస్తుంది.

ఇవ్వదు. ఇద్దామన్నా దాని చేతిలో లేదు. లోన్ 30 లక్షల లోపైతే ఇంటి విలువలో 90 శాతం, 30 దాటి 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం. ఇంతకు మించి ఇవ్వొద్దని రిజర్వ్ బ్యాంకు గీత గీసింది. మిగతాది మార్జిన్ మనీ, అంటే డౌన్ పేమెంట్, మీరే తేవాలి. జీతం చూసేది మీరు ఎంత ఈఎంఐ మోయగలరో తేల్చడానికి. ఇంటి విలువ మీద వేసే లెక్క వేరు. రెండిట్లో ఏది తక్కువైతే అదే లోన్. భార్యనో భర్తనో కో-అప్లికెంట్‌గా చేరిస్తే మొదటి లెక్క పెరుగుతుంది, రెండోది కదలదు.

అపోహ: 20 శాతం చేతిలో ఉంటే చాలు.

రిజిస్ట్రేషన్ సంగతి మర్చిపోయారు. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. ఈ ఖర్చును ఇంటి విలువలో కలిపి లోన్ ఇవ్వకూడదు. 60 లక్షల ఫ్లాటైతే మార్జిన్ 12 లక్షలు, రిజిస్ట్రేషన్ 4.5 లక్షలు, వెరసి 16.5 లక్షలు. కడుతున్న అపార్ట్‌మెంటైతే మామూలుగా 5 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది. ఇంటి ధర 10 లక్షలు మించకపోతే రిజిస్ట్రేషన్ ఖర్చు కలిపి లెక్కేయొచ్చని 2015లో ఒక సడలింపు ఇచ్చారు. ఆ ధరకు ఫ్లాట్ ఎక్కడుందో చెబితే ముందు నేనే వెళ్తాను.

అపోహ: అగ్రిమెంట్‌లో రేటు పెంచి రాయించుకుంటే మార్జిన్ అవసరం లేదు.

నా దగ్గరికి ఎక్కువగా వచ్చే ఐడియా ఇదే. 50 లక్షల ఇంటిని 62.5 లక్షలని రాస్తారు, అందులో 80 శాతం సరిగ్గా 50 లక్షలు. కాగితం మీద చక్కగా కుదిరింది. అయితే బ్యాంకు ఇంటి విలువ కట్టడానికి తన వాల్యుయర్‌ని పంపుతుంది. అగ్రిమెంట్ రేటు, వాల్యుయేషన్, రెండిట్లో తక్కువదే తీసుకుంటుంది. వాల్యుయర్ దగ్గర కూడా గట్టెక్కారనుకుందాం. లేని 12.5 లక్షల మీద రిజిస్ట్రేషన్‌కి దాదాపు 94 వేలు అదనం. 50 లక్షలు, ఆపైన ధర ఉంటే కొనేవాళ్లు అమ్మినాయనకు ఇచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ముందుగా కోసే పన్ను) ప్రభుత్వానికి కట్టాలి, అదీ పెంచిన అంకె మీదే. అమ్మినాయన చేతికి రాని డబ్బుకు లాభం పన్ను లెక్కలోకి వస్తాడు, దానికి ఆయన ఊరుకోడు. అన్నిటికీ మించి, తప్పుడు ధర చూపించి లోన్ తీసుకోవడాన్ని మోసం అంటారు, సర్దుబాటు అనరు.

మన దగ్గర దీనికి తిరగేసిన రోగం ఇంకా ఎక్కువ. అసలు బేరం 60 లక్షలు, "డాక్యుమెంట్ 40కే చేద్దాం" అంటాడు అమ్మేవాడు. బ్యాంకు 40 మీద లెక్కేస్తే లోన్ 32 లక్షలే. మిగతా 28 లక్షలు మీవి, అందులో 20 లక్షలు లెక్కల్లో లేని నగదు. జీరో డౌన్ పేమెంట్ అని బయల్దేరినవాళ్లు సగానికి దగ్గరగా సొంతం పెట్టుకున్న ఫైళ్లు చూశాను.

అపోహ: మార్జిన్‌కి పర్సనల్ లోన్ తీసుకుంటే సరి.

లెక్క వేద్దాం. 48 లక్షల హోమ్ లోన్, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు: ఈఎంఐ సుమారు 41,650. మార్జిన్ కోసం 12 లక్షల పర్సనల్ లోన్, 13 శాతం, 5 ఏళ్లు: 27,300. నెలకు దాదాపు 69 వేలు. అసలు చిక్కు ఇక్కడ కాదు. ఉన్న ఈఎంఐలు తీసేశాకే బ్యాంకు మీ అర్హత లెక్కేస్తుంది. ఆ 27,300తో ఇదే వడ్డీకి 20 ఏళ్ల హోమ్ లోన్ 31 లక్షలకు పైగా వచ్చేది. అంటే 12 లక్షలు తెచ్చుకుని 31 లక్షల అర్హత పోగొట్టుకున్నట్టు. ముందు హోమ్ లోన్ శాంక్షన్ చేయించి తర్వాత తీసుకుంటామంటారా, చెక్కు ఇచ్చే ముందు సిబిల్ (మీ అప్పుల చరిత్ర రిపోర్టు) మళ్లీ తీయరని నేను హామీ ఇవ్వలేను.

అపోహ: పొజెషన్ (ఇల్లు చేతికి రావడం) వరకు ఈఎంఐ బిల్డరే కడతాడు, మనకు రిస్క్ లేదు.

దీన్నే సబ్‌వెన్షన్ స్కీమ్ అంటారు. లోన్ మీ పేరు మీద, డబ్బు బిల్డర్ ఖాతాలో. ఆయన కట్టడం ఆపేస్తే నోటీసు మీకు, సిబిల్ దెబ్బ మీకు, ఇల్లు పునాదుల్లో. పని ఎంతవరకు అయితే అంతవరకే డబ్బు విడుదల చేయాలని 2013లోనే బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఇలాంటి స్కీములకు దూరంగా ఉండమని హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు 2019లో నేషనల్ హౌసింగ్ బ్యాంక్ చెప్పింది. ఢిల్లీ పరిసరాల్లో బిల్డర్లు, బ్యాంకుల కుమ్మక్కుపై 2025లో సుప్రీంకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం రిజిస్టరైన అగ్రిమెంట్ లేకుండా బిల్డర్ 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఆఫర్ ఎంత తియ్యగా ఉన్నా ముందు ఆ అగ్రిమెంట్ సంగతి అడగండి.

అపోహ: పీఎంఏవై (ప్రధానమంత్రి ఆవాస్ యోజన) సబ్సిడీయే డౌన్ పేమెంట్ అవుతుంది.

కాదు. అది లోన్ మొదలయ్యాక విడతలుగా వచ్చేది. రిజిస్ట్రేషన్ రోజున పనికిరాదు.

అపోహ: అమెరికాలో ఉంది కాబట్టి ఇక్కడా ఉంటుంది.

అక్కడి వీఏ లోన్‌కి డౌన్ పేమెంట్ లేని మాట నిజమే, కానీ అది సైన్యంలో పనిచేసినవాళ్లకు ప్రభుత్వ గ్యారంటీతో ఇచ్చేది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మీ అన్నయ్యకి అక్కడా రాదు.

మరి నిల్వ డబ్బు లేనివాళ్ల సంగతి? పీఎఫ్‌లోంచి ఇంటి కోసం తీసుకోవచ్చు, అది తిరిగి కట్టక్కర్లేదు. పాత ఎల్ఐసీ పాలసీకి సరెండర్ విలువ ఉంటే దాని మీద లోన్ వస్తుంది. పర్సనల్ లోన్ కంటే బంగారం లోన్ మామూలుగా చవక. ఇంట్లోవాళ్లు సాయం చేస్తే బ్యాంకు ఖాతా ద్వారానే వేయించుకోండి. మార్జిన్ కట్టిన రసీదు చూపించాకే బ్యాంకు తన చెక్కు ఇస్తుంది, ఆ సొమ్ము ఎక్కడిదని కూడా అడుగుతుంది. "మా మామగారు సంచిలో తెచ్చారండీ" అన్న జవాబుతో ఫైలు ముందుకు కదలదు.