చలికాలం పెంచిన ఈస్ట్

1845లో జాకబ్‌సన్ అనే డేనిష్ బీరు తయారీదారు మ్యూనిక్‌లోని స్పాటెన్ బ్రూవరీకి వెళ్ళి రెండు డబ్బాల ఈస్ట్ తెచ్చుకున్నాడు. అక్కడి నుంచి కోపెన్‌హాగన్‌కు గుర్రపు బండిలో రోజుల తరబడి ప్రయాణం. బండి ఆగిన చోటల్లా దిగి డబ్బాల మీద చన్నీళ్ళు పోసేవాడట. దారంతా తన పొడవాటి టోపీ కింద దాచి తెచ్చాడని కూడా చెబుతారు. రెండేళ్ళ తర్వాత ఆయన కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ మొదలుపెట్టాడు.

ఆ చన్నీళ్ళకు కారణముంది. బ్రెడ్డు పిండిని పొంగించే ఈస్ట్ అయినా, మన కల్లు కుండలో చేరే ఈస్ట్ అయినా వెచ్చదనం కోరుకుంటాయి. పొద్దున దించిన తియ్యటి కల్లు సాయంత్రానికి పులిసిపోయేది అందుకే. మ్యూనిక్ ఈస్ట్ దారి వేరు. 8 నుంచి 12 డిగ్రీల చలిలో, అంటే మన ఫ్రిజ్ కంటే కాస్త వెచ్చగా ఉన్న చోట, అది తీరిగ్గా వారం పది రోజులు చక్కెర తింటుంది. ఆ తర్వాత బీరును ఇంకా చల్లటి చోట వారాల తరబడి నిల్వ ఉంచుతారు. జర్మన్ భాషలో 'లాగర్న్' అంటే నిల్వ చేయడం. లాగర్ అన్న పేరు అలా వచ్చింది.

బీరులో రెండో రకం ఏల్. దాని ఈస్ట్ 20 డిగ్రీల దరిదాపుల్లో హుషారుగా పనిచేస్తుంది. ఆ కణాలు గ్యాసు బుడగలను పట్టుకుని పైకి తేలి నురగలో చేరతాయి. లాగర్ కణాలు మాత్రం ఒకదానికొకటి అంటుకుని మడ్డిలా అడుగుకు దిగుతాయి.

ఇంత చలిని ఇష్టపడే ఈస్ట్ ఎలా తయారైంది? ఇక్కడ ఒక ప్రభుత్వ ఉత్తర్వు సంగతి చెప్పాలి. 1553లో, మ్యూనిక్ ఉన్న బవేరియా ప్రాంతపు పాలకుడు డ్యూక్ అయిదో ఆల్‌బ్రెక్ట్, ఏప్రిల్ 23న వచ్చే సెయింట్ జార్జ్ పండుగ నుంచి సెప్టెంబర్ 29న వచ్చే సెయింట్ మైకేల్ పండుగ దాకా ఎవరూ బీరు కాచకూడదని ఆజ్ఞ వేశాడు. వేసవిలో కాచిన బీరును బ్యాక్టీరియా పాడుచేసేది, అది పులిసి తాగడానికి పనికొచ్చేది కాదు. పైగా ఎండాకాలంలో పెద్ద పెద్ద పొయ్యిలు మండిస్తే ఊళ్ళు అంటుకునే భయం.

మరి వేసవి దాహం మాటేమిటి? నిషేధం మొదలయ్యేలోపే, మార్చిలో, కాస్త ఘాటుగా, చేదునిచ్చే హాప్ పువ్వు ఎక్కువ వేసి బీరు కాచేవారు. మార్చి నెల బీరు కాబట్టి దాన్ని మెర్ట్సెన్ అన్నారు. చలికాలంలో చెరువుల మీద కోసిన మంచు గడ్డలు పేర్చిన నేలమాళిగల్లో అది వేసవంతా భద్రంగా ఉండేది. నేలమాళిగ మీద ఎండ పడకుండా పైన చెస్ట్‌నట్ చెట్లు నాటారు. ఆ చెట్ల నీడలో బల్లలు వేసుకుని జనం కూర్చోవడం మొదలైంది. మ్యూనిక్‌లో నేటికీ కనిపించే బీర్ గార్డెన్లు అలా పుట్టినవే.

నన్ను బాగా ఆకట్టుకునేది ఇంకొకటి. ఈ పనంతా చేస్తున్నవాళ్ళకు ఈస్ట్ అనే ప్రాణి ఉందనే తెలియదు. బీరులో ఏమేం ఉండాలో చెప్పిన 1516 నాటి బవేరియా చట్టంలో నీళ్ళు, బార్లీ, హాప్ పువ్వు ఉన్నాయి, ఈస్ట్ ఊసే లేదు. కానీ ఒక విడత బీరు మడ్డిని తీసి తర్వాతి విడతలో కలపాలని వాళ్ళ చేతులకు తెలుసు. మనం రేపటి పెరుగు కోసం ఒక చెంచా తోడు దాచుకోవడం లాంటిదే ఇది. ఆ తోడును తరాల తరబడి చలి నెలల్లోనే వాడారనుకోండి. చలిలో చక్కెర తినగలిగిన కణాలు పెరిగి అడుగుకు చేరతాయి. చలికి ముడుచుకుపోయినవి ఏడాదికేడాది పలచబడిపోతాయి. పశువుల్లో మేలుజాతిని ఎంచుకున్నట్టే ఇది కూడా ఎంపికే. అయితే ఇక్కడ ఎంచింది మనిషి కాదు, క్యాలెండర్.

ఎంపిక జరగాలంటే ముందు ఎంచుకోదగ్గది ఉండాలి కదా. లాగర్ ఈస్ట్ జన్యువులను పరిశీలిస్తే అది సంకర జాతి అని తేలింది. సగం జన్యువులు బ్రెడ్డుకూ ఏల్‌కూ వాడే శాకరోమైసిస్ సెరవిసియే అనే ఈస్ట్ జాతివి. మిగతా సగం ఎవరివో చాలాకాలం అంతుచిక్కలేదు. 2011లో డియేగో లిబ్‌కిండ్ అనే శాస్త్రవేత్త బృందం ఆ రెండో జాతిని అర్జెంటీనాలోని పటగోనియా అడవుల్లో కనిపెట్టింది. అక్కడి దక్షిణ బీచ్ చెట్ల కొమ్మలకు గుండ్రటి కాయల్లాంటి పుట్టగొడుగులు వేలాడతాయి. వాటిలో చక్కెర ఉంటుంది. నేల రాలాక వాటంతట అవే పులుస్తాయి. చలికి అలవాటుపడిన ఒక అడవి ఈస్ట్ వాటి మీద బతుకుతోంది. దాని జన్యువులు లాగర్‌లో అంతుచిక్కని సగంతో 99.5 శాతం సరిపోయాయి. దానికి శాకరోమైసిస్ యూబయానస్ అని పేరు పెట్టారు.

పటగోనియా నుంచి బవేరియాకు ఎలా చేరుతుందని చాలామంది అడిగారు. అట్లాంటిక్ మీద ఓడల రాకపోకలు మొదలవకముందే బవేరియాలో లాగర్ ఉంది కాబట్టి అది న్యాయమైన ప్రశ్నే. తర్వాత అదే జాతి టిబెట్‌లో దొరికింది, అక్కడిది లాగర్‌కు ఇంకా దగ్గర. చివరికి 2021లో డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీ ఆవరణలో తీసిన మట్టిలో కూడా కనిపించింది. దాంతో యూరప్ నేలలోనూ అది ఉందని రుజువైంది. చలిని తట్టుకునే గుణానికి మరో ఆధారం కూడా దొరికింది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా లాగర్ ఈస్ట్‌కు యూబయానస్ వైపు నుంచే వచ్చింది. 2019లో పరిశోధకులు దాన్ని తీసి సెరవిసియే మైటోకాండ్రియాను పెట్టి చూస్తే, ఆ ఈస్ట్ వేడిని మెరుగ్గా ఓర్చుకుంది గానీ చలిలో వెనకబడింది.

1883లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క కణం నుంచి శుద్ధమైన లాగర్ ఈస్ట్‌ను పెంచాడు. కంపెనీ దాన్ని దాచుకోకుండా అడిగినవాళ్ళకు ఇచ్చింది. అప్పటికే యంత్రాలతో చల్లబరచడం కూడా వచ్చేసింది. ఇక రుతువుతో పని లేకపోయింది.

మరోవైపు బెల్జియంలోని వలోనియా పల్లెల్లో రైతులు వేసవి పనుల్లో కూలీలకు ఇచ్చేందుకు చలికాలంలోనే బీరు కాచి ఉంచేవారు. దాని పేరు సేజాన్, ఫ్రెంచ్‌లో రుతువు అని అర్థం. నేటి సేజాన్ ఈస్టుల్లో కొన్ని 30 డిగ్రీలు దాటినా హాయిగా పనిచేస్తాయి. వాటిలో చాలావాటికి ఎస్‌టీఏ1 అనే జన్యువు ఉంటుంది. మామూలు ఈస్ట్ వదిలేసే పెద్ద చక్కెర గొలుసులను కూడా అది తెంపి తినిపిస్తుంది. అందుకే సేజాన్‌లో తీపి దాదాపు మిగలదు, నోట్లో పొడిగా ఉంటుంది. పైగా మిరియం, లవంగం లాంటి వాసన. లవంగం వాసనకు కారణమైన పదార్థాన్ని తయారుచేసే శక్తి చాలా ఏల్ ఈస్టులు పోగొట్టుకున్నాయి, సేజాన్ ఈస్టులకు మాత్రం మిగిలింది. కానీ ఆ జన్యువున్న ఈస్ట్ పొరపాటున ఇంకో బీరులో పడితే, సీసాలో మూత బిగించాక కూడా తింటూనే ఉంటుంది. గ్యాసు పెరిగి సీసా పేలవచ్చు.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది నార్వే పశ్చిమాన పల్లెల్లో వాడే 'క్వైక్'. అక్కడి మాండలికంలో ఆ మాటకు ఈస్ట్ అనే అర్థం. క్రిస్మస్‌కూ పెళ్ళికీ ఇంట్లోనే బీరు కాచేవారు. పని అయ్యాక క్వైక్‌ను చెక్క ముక్కలు గుచ్చి చేసిన దండలకు పట్టించి ఆరబెట్టేవారు. నెలల తర్వాత ఆ దండను మళ్ళీ గోరువెచ్చటి బార్లీ రసంలో ముంచితే చాలు. ఎవరింట్లోదైనా చచ్చిపోతే పక్కింటికి వెళ్ళి అడిగి తెచ్చుకునేవారు. మన వీధుల్లో 'కాస్త తోడు ఉంటే ఇవ్వండి వదినా' అని గిన్నె పట్టుకుని రావడం గుర్తొచ్చింది నాకు. కాచిన రసం పూర్తిగా చల్లారేదాకా ఆగకుండా, పాల వెచ్చదనం ఉండగానే ఈస్ట్ కలిపేవారు. ఆ అలవాటు తరాల పాటు సాగింది, ఈస్ట్ కూడా దానికి తగ్గట్టు మారింది. క్వైక్‌లో కొన్ని రకాలు 40 డిగ్రీల దగ్గర కూడా రెండు మూడు రోజుల్లో పని ముగిస్తాయి. అంత వేడిలో మామూలు ఏల్ ఈస్ట్ బీరుకు ఘాటైన చెడు రుచులు తెస్తుంది, క్వైక్ తేదు. 2018లో కెనడా శాస్త్రవేత్తలు జన్యువులు పరిశీలించి, ఇవి ఇతర బీరు ఈస్టుల నుంచి విడిగా పెరిగిన గుంపు అని చూపించారు.

ఇప్పుడు ఇవన్నీ పొట్లాల్లో దొరుకుతాయి. ఈస్ట్ అమ్మే కంపెనీలు కొన్ని రకాలను ఏడాదిలో కొన్ని నెలలే అమ్మకానికి పెడతాయి. మన దగ్గర సంగారెడ్డి చుట్టుపక్కల పెద్ద బ్రూవరీల్లో తయారయ్యేది ఎక్కువగా లాగరే. మే నెలలో బయట 42 డిగ్రీలున్నా, ఆ ఈస్ట్ కోసం ట్యాంకులను రాత్రింబవళ్ళు బవేరియా చలికాలంలా ఉంచాలి. అలాంటి మే నెలలో ట్యాంకును పెద్దగా చల్లబరచకుండానే పనిచేయగల ఈస్ట్ మాత్రం, మంచు కురిసే నార్వేలో, ఒక ఇంటి చెక్క దండకు అంటుకుని ఎండుతూ ఉంది.