బడి ముందు బండ్లు నెమ్మదించాలంటే ఏం అడగాలి

పిల్లలూ,

మీరు రాసిన అర్జీ చదివాను. "మా బడి ముందు స్పీడ్ బ్రేకర్ వేయించగలరు" అని ఒక్క వాక్యం, కింద పేజీ నిండా సంతకాలు. అడగాలనుకోవడం చాలా మంచి పని, తప్పకుండా అడగాలి. కానీ ఈ కాగితం ఇలాగే ఆఫీసుకు వెళ్తే ఏమవుతుందో చెప్తాను, రోడ్ల పనిలోనే జీవితమంతా గడిపాను కాబట్టి ఇలాంటివి చాలా చూశాను. ఏ రోడ్డు, ఎక్కడ, ఏ వేళప్పుడు ఇబ్బంది అన్నది లేకపోతే "పరిశీలించి తగు చర్య తీసుకోండి" అని పైన రాసి కిందికి పంపిస్తారు, ఫైల్లో ఉండిపోతుంది. లేదంటే ఎవరో ఒకరు ఓ రాత్రి మిగిలిన తారు తెచ్చి గేటు ముందు అడ్డంగా గట్టు పోసి వెళ్ళిపోతారు. ఇది మొదటిదానికంటే ప్రమాదం.

ఎందుకంటే ఆ గట్టు అడుగు వెడల్పు, అరడుగు ఎత్తు ఉంటుంది, తెల్ల రంగు ఉండదు, ముందు బోర్డు ఉండదు. చీకట్లో బైకు మీద వెనక ఒకవైపుకు కూర్చుని వెళ్ళే అమ్మ ఎగిరి పడేది అక్కడే. రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) దీనికి ఎప్పుడో కొలతలు ఇచ్చింది. 1988 నాటి ఐఆర్‌సీ 99 అనే మార్గదర్శకంలోనే ఉంది: వెడల్పు 3.7 మీటర్లు, మధ్యలో ఎత్తు 10 సెంటీమీటర్లు, పైభాగం గుండ్రంగా. అలా వేస్తే బండి గంటకు 25 కిలోమీటర్ల వేగంతో కుదుపు లేకుండా దాటుతుంది, అంతకు మించితే గట్టిగా కుదుపుతుంది. 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు ఉండాలి, గట్టు మీద రంగు చారలు ఉండాలి. మురుగు కాలువ వైపు నీళ్ళు పోయే దారి వదలాలి, లేకపోతే మొదటి వానకే అక్కడ మడుగు కడుతుంది, మీరు ఆ మడుగు తప్పించుకోడానికి రోడ్డు మధ్యకు వెళ్తారు.

అసలు వేగం ఎందుకంత ముఖ్యమో చూడండి. 30 మీద వచ్చే బండి ముందుకు ఓ పిల్లవాడు పరిగెత్తాడనుకుందాం. డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు పెట్టడానికే ఒక సెకను పడుతుంది. ఆ తర్వాత బ్రేకు పట్టి, పొడి రోడ్డు మీద మొత్తం 13, 14 మీటర్లలో బండి ఆగుతుంది. అదే బండి 60 మీద వస్తే ఆ ఒక్క సెకనులోనే 16 మీటర్లకు పైగా వచ్చేస్తుంది. అంటే మొదటి బండి పూర్తిగా ఆగిపోయిన చోట రెండోదానికి ఇంకా బ్రేకే పడదు. మంచి డ్రైవరా చెడ్డ డ్రైవరా అన్న ప్రశ్న కాదిది.

"పిల్లలే చూసుకుని దాటాలి" అని పెద్దలు చాలామంది అంటారు. మీరు చూసుకునే దాటండి, అటూ ఇటూ చూడకుండా ఎవ్వరూ రోడ్డు మీద కాలు పెట్టొద్దు. కానీ మీలో ఆరేడేళ్ళ వాళ్ళకు ఎదురొచ్చే బండి ఎంత వేగంతో వస్తోందో అంచనా వేయడం రాదు, ఆ వయసుకు అది రాదు, అది వాళ్ళ తప్పు కాదు. పైగా బడి వదిలే వేళకు గేటుకు రెండు పక్కలా ఆటోలు బారులు తీరి ఉంటాయి. నాలుగడుగుల పిల్ల ఆటోల సందులోంచి బయటికి వచ్చేదాకా డ్రైవరుకు కనబడదు, ఆ పిల్లకు బండి కనబడదు. ఇక్కడ జాగ్రత్త చెప్పి ఏం లాభం? ఆటోలను గేటు దగ్గర నుంచి కాస్త దూరం జరపాలి, అది ఖర్చు లేని పని, అర్జీలో మొట్టమొదట రాయండి.

రెండోది, జీబ్రా క్రాసింగ్‌ను ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి కట్టమని అడగండి. టేబుల్ టాప్ అంటారు దాన్ని. బండి ఎక్కి దిగాలి కాబట్టి నెమ్మదిస్తుంది, మీరు మాత్రం కిందికి దిగకుండా సమానంగా నడిచిపోతారు, డ్రైవరు కంటికి కూడా బాగా ఆనతారు. నన్నడిగితే మామూలు స్పీడ్ బ్రేకర్ కంటే బడి ముందు ఇదే మేలు. రోడ్డు మరీ వెడల్పుగా ఉంటే గేటు దగ్గర సన్నగా చేయొచ్చు, దాటాల్సిన దూరం తగ్గుతుంది.

ఇంతకీ ఎవరిని అడగాలి? ముందు ఆ రోడ్డు ఎవరిదో కనుక్కోండి. ఊళ్ళో వీధులు పంచాయతీవి లేదా మున్సిపాలిటీవి, ఊరికీ ఊరికీ మధ్యవి ఆర్ అండ్ బీ అనే రోడ్లు భవనాల శాఖవో పంచాయతీరాజ్‌వో అయివుంటాయి. జాతీయ రహదారి అయితే సంగతి వేరు, వాటి మీద స్పీడ్ బ్రేకర్లు తీసేయమని 2016లో కేంద్రమే చెప్పింది, అక్కడ అండర్‌పాసో కాలిబాట వంతెనో సర్వీసు రోడ్డో అడగాలి. మన బడి ముందుది ఆర్ అండ్ బీ రోడ్డు, కాబట్టి కాగితం ఆ శాఖ అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) గారికి, ఒక నకలు కలెక్టరు గారికి. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి అధ్యక్షులు ఆయనే. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, తెలంగాణలో మీ బంధువుల పిల్లలుంటే వాళ్ళ దగ్గర దీన్నే ప్రజావాణి అంటారు. రసీదు తీసుకోకుండా రావద్దు. జవాబు రాకపోతే మీ అమ్మానాన్నలు సమాచార హక్కు కింద అడగొచ్చు, 30 రోజుల్లో చెప్పాలి.

కాగితానికి బలం రావాలంటే లెక్క కావాలి. ప్రహరీ లోపలి నుంచే చేయండి, రోడ్డు మీదికి వెళ్ళొద్దు, టీచరు గారు పక్కన ఉండాలి. గోడ వెంబడి 50 మీటర్లు టేపుతో కొలిచి రెండు గుర్తులు పెట్టండి. బండి మొదటి గుర్తు నుంచి రెండోదాకా రావడానికి 6 సెకన్లు పడితే అది 30 మీద వస్తున్నట్టు, 3 సెకన్లే పడితే 60 మీద. బడి మొదలయ్యే వేళ, వదిలే వేళ రాసుకోండి, ఎంతమంది దాటుతున్నారో కూడా. ఆ పట్టిక చూశాక ఏ ఇంజనీరైనా పక్కన పెట్టడానికి ఆలోచిస్తాడు.

పిల్లలు అడిగితే రోడ్లు మారతాయా అని మీలో ఒకరు అడిగారట. నెదర్లాండ్స్‌లో 1971లో ఒక్క ఏడాదిలోనే 400 మందికి పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోయారు. కూతుర్ని అలా పోగొట్టుకున్న ఓ పాత్రికేయుడు మరుసటి ఏడాది పత్రికలో కోపంగా రాశాడు, తల్లిదండ్రులు కదిలారు, పిల్లల్ని వెంటబెట్టుకుని వీధుల్లోకి వచ్చారు. 1976లో బండ్లు నడక వేగంతో వెళ్ళాల్సిన నివాస వీధులకు అక్కడ చట్టం వచ్చింది. ఏళ్ళు పట్టింది, ఒక్క అర్జీతో కాలేదు. మీరు కూడా ఒకసారి ఇచ్చి ఊరుకోవద్దు.

కొత్త కాగితం రాసి హెచ్‌ఎం గారి చేత, పేరెంట్స్ కమిటీ వాళ్ళ చేత సంతకం పెట్టించండి. గేటు ఫోటో రెండు, ఒకటి ఖాళీగా ఉన్నప్పుడు, ఒకటి బడి వదిలాక. కొలతల టేపు నా దగ్గర ఉంది, శనివారం ఎవరైనా వచ్చి తీసుకెళ్ళండి.

మీ తాతయ్య