నెలకు ఒక పెన్నీ: ఐర్లండ్ క్యాథలిక్కులు హక్కులు సాధించుకున్న తీరు

1689లో ఇంగ్లండ్ పార్లమెంటు మత సహన చట్టం చేసింది. దాని వల్ల మేలు జరిగింది కొన్ని ప్రొటెస్టెంట్ శాఖలకే, క్యాథలిక్కులకు అందులో చోటు లేదు. క్యాథలిక్కులే ఎక్కువమంది ఉన్న ఐర్లండ్‌లో ఆ తర్వాత ఆంక్షలు ఇంకా బిగిశాయి. 5 పౌండ్లకు మించి విలువ చేసే గుర్రం క్యాథలిక్కు దగ్గర ఉండకూడదని 1695లో చట్టమే చేశారు. తండ్రి భూమిని కొడుకులందరూ పంచుకోవాలి. పెద్దకొడుకు ప్రభుత్వ మతంలోకి, అంటే ప్రభుత్వ హోదా ఉన్న ప్రొటెస్టెంట్ చర్చిలోకి మారితే మాత్రం మొత్తం అతనికే.

1793లో క్యాథలిక్కులకు ఓటు వచ్చింది కానీ, పార్లమెంటులో కూర్చునే హక్కు రాలేదు. 1801లో ఐర్లండ్‌ను బ్రిటన్‌లో కలిపేటప్పుడు ఆ హక్కు కూడా వస్తుందని ప్రధాని పిట్ ఆశ పెట్టాడు. అది తన పట్టాభిషేక ప్రమాణానికి విరుద్ధమని మూడో జార్జి రాజు అడ్డం తిరగడంతో పిట్ రాజీనామా చేశాడు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు అర్జీలతోనే గడిచాయి. వాటిని పెట్టింది ఎక్కువగా కలిగినవాళ్లూ వకీళ్లూ. 1823లో డేనియల్ ఓకానెల్ అనే వకీలు డబ్లిన్‌లో క్యాథలిక్ సంఘం పెట్టాడు. సభ్యత్వం ఏడాదికి ఒక గినీ (పౌండు కన్నా కాస్త ఎక్కువ), కూలివాడు ఇచ్చుకోగల మొత్తం కాదు. మరుసటి ఏడాది, నెలకు ఒక పెన్నీ ఇస్తే చాలన్నారు. ఆదివారం పూట చర్చి గుమ్మం దగ్గరే వసూలు చేసేవారు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. డబ్బు కన్నా ముఖ్యంగా, ఆ పెన్నీ ఇచ్చినవాడికి ఉద్యమం తనది అయింది.

1828లో ఐర్లండ్‌లోని క్లేర్ కౌంటీ ఉపఎన్నికలో ఓకానెల్ పోటీకి దిగాడు. క్యాథలిక్కు పోటీ చేయకూడదని చట్టంలో లేదు. గెలిచాక చేయాల్సిన ప్రమాణమే గోడలా అడ్డం. అప్పట్లో రహస్య ఓటు లేదు, ఎవరికి వేస్తున్నారో అందరి ముందూ పైకి చెప్పాలి. జమీందారు మాట కాదంటే కౌలు పోవచ్చు. అయినా రైతులు పాదిరీలతో కలిసి ఎన్నిస్ పట్టణానికి నడిచి వెళ్లి ఓకానెల్‌కే ఓటేశారు. ఆయనకు 2,057 ఓట్లు వస్తే, ప్రత్యర్థికి 982 వచ్చాయి.

ఐర్లండ్‌లో అంతర్యుద్ధం వస్తుందేమోనని ప్రధాని వెల్లింగ్టన్‌కు టెన్షన్ పట్టుకుంది. 1829 ఏప్రిల్ 13న క్యాథలిక్ విమోచన చట్టం వచ్చింది. కొత్త చట్టం అంతకుముందు గెలిచినవారికి వర్తించదంటూ సభలో ఓకానెల్ చేతికి పాత ప్రమాణపత్రమే ఇచ్చారు. రాజ్యంలో పోప్‌కు మతపరమైన అధికారం ఏదీ లేదనే ఆ ప్రమాణం చేయడానికి ఆయన ఒప్పుకోలేదు. మళ్లీ క్లేర్‌కు వెళ్లి, పోటీ లేకుండా గెలిచి వచ్చాడు.

అదే సమయంలో ఇంకో చట్టమూ వచ్చింది. దాని గురించి తక్కువమంది మాట్లాడతారు, నాకు బాధ కలిగించేది అదే. ఐర్లండ్ కౌంటీల్లో ఓటు అర్హతను ఏడాదికి 2 పౌండ్ల రాబడి భూమి నుంచి 10 పౌండ్లకు పెంచారు. క్లేర్‌లో జమీందార్లను ఎదిరించి ఓటేసిన చిన్న రైతుల్లో చాలామందికి ఆ ఓటే లేకుండా పోయింది. ఓకానెల్ అభ్యంతరం చెప్పాడు గానీ, దాన్ని ఆపడానికి పెన్నీ ఉద్యమం లాంటిది నడపలేదు. ఆ రైతులు తమది కాని ప్రభుత్వ చర్చికి దశమ భాగం పన్ను కడుతూనే ఉండాల్సి వచ్చింది. 1830ల మొదట్లో ఊరూరా రగిలిన గొడవలు ఆ పన్ను మీదే. ఆ చర్చికి ప్రభుత్వ హోదాను తీసేసే చట్టం 1869లో గానీ రాలేదు.