అలుగు పొలుసుకు ఎందుకంత గిరాకీ
అలుగు అనగానే మనలో చాలామందికి చెరువు అలుగే గుర్తొస్తుంది. నల్లమల వైపు వాళ్లకు ఇంకో అలుగూ తెలుసు. అదో జంతువు, ఇంగ్లిష్‌లో పాంగోలిన్. ఒళ్లంతా పెంకుల్లాంటి పొలుసులు, అలికిడైతే చాలు బంతిలా చుట్టుకుపోతుంది. దాన్ని పట్టి అమ్మబోయి దొరికిపోయిన ముఠాల వార్తలు అప్పుడప్పుడూ పేపర్లో వస్తుంటాయి. ఆ గిరాకీ వేళ్లు చైనా మందుల కొట్లలో ఉన్నాయి.

పాత చైనా వైద్యులు దీన్ని 'లింగ్ లీ' అన్నారు. లీ అంటే కార్ప్ చేప. పొలుసులు చూసి గుట్టల్లో బతికే చేప అనుకున్నారన్నమాట. తర్వాత స్థిరపడిన పేరు 'చువాన్ షాన్ జియా', అంటే కొండను తొలిచే కవచం. వైద్యమంతా ఈ పేరులోనే ఉంది. కొండనే తొలిచేది ఒంట్లో అడ్డుపడ్డదాన్ని తొలగించదా! అందుకే రక్తం గడ్డకట్టినా, కురుపు చీముపట్టినా, బాలింతకు పాలు పడకపోయినా ఈ పొలుసే మందు. 'చువాన్ షాన్ జియా, వాంగ్ బు లియు, తిన్న తల్లికి పాలు ధారలు' అని ఓ పాట ముక్క కూడా ఉంది. అందులో రెండోది ఒక మొక్క గింజ. 1596లో అచ్చయిన మందుల గ్రంథం 'బెన్‌సావో గాంగ్‌ము'లో వైద్యుడు లీ షిజెన్ దీన్ని చేర్చాడు. ఆయన విన్నదల్లా రాసే రకం కాదు. అలుగు కడుపు కోయించి, లోపల ఒక షెంగ్ దాకా, అంటే దాదాపు లీటరు, చీమలున్నాయని లెక్క చెప్పాడు. పొట్ట సంగతి అంత పట్టుగా చూసినవాడు పొలుసు సంగతి మాత్రం నమ్మేశాడు.

పొలుసును పచ్చిగా వాడరు. కాలిన ఇసుకలో వేయిస్తే బొరుగుల్లా ఉబ్బుతుంది. వేడి మీదే వెనిగర్‌లో వేసి, ఆరబెట్టి, దంచుతారు. ఇంతా చేస్తే అది కెరటిన్, మన గోళ్లలో ఉండేదే.

చైనా అలుగులు అడుగంటాక వేట ఆగ్నేయాసియాకు, ఆపైన ఆఫ్రికాకు మళ్లింది. 2000లో సైటీస్, అంటే వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం, ఆసియా అలుగుల వ్యాపార కోటాను సున్నా చేసింది. 2016లో మొత్తం 8 జాతులకూ అంతర్జాతీయ వ్యాపారం మీద నిషేధం పెట్టారు. అయినా 2019 ఏప్రిల్‌లో సింగపూర్‌లో వారం తిరక్కుండానే రెండు విడతల్లో 25 టన్నులకు పైగా పొలుసులు దొరికాయి. రెండూ నైజీరియా నుంచి వియత్నాం వెళ్తున్న సరుకే.

అసలు లొసుగు చైనా లోపలే ఉంది. పాత నిల్వల పేరుతో కొన్ని ఆస్పత్రులకు, మందుల కంపెనీలకు పొలుసు వాడుకునే వీలిచ్చారు. వేయించి పొడి కొట్టాక అది ఏ సంవత్సరానిదో, ఏ అడవిదో ఎవరు తేలుస్తారు?

2020 జూన్‌లో, కోవిడ్ టెన్షన్ నడుమ, చైనా అలుగును మొదటి తరగతి రక్షిత జంతువుగా ప్రకటించింది. ఆ ఏటి అధికారిక ఔషధ గ్రంథంలో ముడి మందుల జాబితా నుంచి పొలుసును తీసేసింది. అదే గ్రంథంలో కొన్ని తయారీ మందుల ఫార్ములాల్లో మాత్రం అది అలాగే ఉండిపోయింది.